గరాజ్ గడప మీద మూడు గీతలు

పోయిన నెల ఇంటికి రంగులు వేయించాం. గరాజ్‌లోంచి వంటింట్లోకి వచ్చే తలుపు దగ్గర పెయింటర్ ఆగాడు. ద్వారబంధం మీద భుజమెత్తులో వంకరగా ఉన్న మచ్చ చూపించి, దీన్ని గీకేసి, పూడ్చి, తెల్లరంగు కొట్టేస్తే కొత్తదానిలా ఉంటుందన్నాడు. వద్దన్నాను. చుట్టూ వేసి దాన్ని మాత్రం వదిలెయ్యమన్నాను. అతను నావైపోసారి, మచ్చవైపోసారి చూసి భుజాలెగరేశాడు. ఎవరి పిచ్చి వాళ్ళకానందమని వాళ్ళ భాషలోనూ ఏదో సామెత ఉండే ఉంటుంది.

ఆ మచ్చ నా చూపుడువేలంత పొడవుంటుంది. నిటారుగా ఉండదు, పైకొస ఇంట్లోకి తొంగిచూస్తున్నట్టు ఒరిగి ఉంటుంది. పైన ఒక స్క్రూ రంధ్రం, కింద ఒకటి. రంధ్రాల అంచుల్లో ఇంకా పసుపు ఉంది. అది మా అత్తయ్య చేతి పసుపు.

అత్తయ్య ఇప్పుడు లేరు. ఉన్నన్నాళ్ళూ ఈ ఇంటిని ఆవిడ ఏలారు, మేం అద్దెకున్నట్టు ఉన్నాం. న్యూజెర్సీలోనే ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ వదిలి ఈ ఇల్లు కొనుక్కున్న ఏడాది ఆవిడ ఏలూరు నుంచి వచ్చారు. వచ్చిన వారంలోనే ఆవిడకో పెద్ద సందేహం పట్టుకుంది. ఈ ఇంటికి గడప ఏది?

"ముందు తలుపు ఎవరైనా తీస్తారా అమ్మాయ్?"

"ప్యాకేజీ వస్తే తీస్తామండి. లేకపోతే హాలోవీన్‌కి."

"మరి మనం కాలు పెట్టి వచ్చేది ఎటునుంచి?"

"గరాజ్‌లోంచండీ. కార్ అక్కడే కదా పార్క్ చేసేది."

"అయితే లక్ష్మీదేవి ఒక్కతే ముందు తలుపు దగ్గర నించుని బెల్లు కొట్టుకుంటూ ఉండాలా? మీరొచ్చే దారినే ఆవిడా వస్తుంది" అని తేల్చేశారు. ఆ రోజు నుంచి చెత్త డబ్బాలకీ, స్నో తోసే పారకీ మధ్య ఉన్న ఆ తలుపే మా సింహద్వారం అయింది.

శుక్రవారం గడపకి పసుపు రాయమని నాకు చెప్పారు. శుక్రవారం పొద్దున్న నాకు వరసగా మీటింగులు. "మీరే రాసేయండి అత్తయ్యా" అన్నాను, అందులో ఏముందిలే అనుకుని.

"నేనా?" అన్నారు.

ఆ ఒక్క మాటలో ఉన్నదంతా నాకు వెంటనే అర్థం కాలేదు. మామయ్యగారు పోయాక ఏలూరులో ఆవిడని గడప ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. అనే అవసరమే రాలేదు. పసుపు గిన్నె దానంతటదే తోటికోడలి చేతికి వెళ్ళిపోయింది. పేరంటాలకి పిలుపులు ఆగిపోయాయి. ఎవరింట్లోనైనా శుభకార్యం మొదలయ్యే వేళకి ఆవిడకి వంటింట్లోనే ఏదో పని దొరికేది.

"ఇక్కడెవరు చూడొస్తారండీ?" అన్నాను. అత్తయ్య గిన్నె పట్టుకుని కాసేపు నించున్నారు. తర్వాత గడప ముందు కూర్చున్నారు. పసుపులో నీళ్ళు కలిపి అంచులదాకా రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ద్వారబంధాలకి రెండు పక్కలా పసుపు పులిమారు. అంతా అయ్యాక సింక్ దగ్గరికెళ్ళి, గోళ్ళ సందుల్లో కూడా పసుపు మిగలకుండా సబ్బుతో తోమి తోమి చేతులు కడుక్కున్నారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అంతే. గడపకి పసుపు ఉండేది, ఆవిడ చేతులకి మాత్రం ఉండేది కాదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక శుక్రవారం పొద్దున్న గరాజ్‌లోంచి కేక. "ఒరేయ్, ఇలా రారా! నువ్వూ రా అమ్మాయ్!"

నేను మీటింగ్ మ్యూట్ చేసి పరిగెత్తాను. మా ఆయన బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చాడు. ఇల్లు అమ్మే ముందు ఎవరో హడావుడిగా ద్వారబంధానికి రంగు కొట్టించారు. ఆ రంగు కింద ఏదో సన్నటి రేకు డబ్బీలాంటిది ఉంది. అన్నాళ్ళూ చెక్కలో బుడిపె అనుకున్నాం. దాని మీదున్న గీతల్లోకి వారం వారం పసుపు దిగి, ఇప్పుడు స్పష్టంగా తేలింది. నిలువుగా మూడు గీతలు, కింద మూడింటినీ కలుపుతూ ఒక పీట.

"నామం రా!" అన్నారు అత్తయ్య. కళ్ళలో నీళ్ళు. "ఏడుకొండలవాడి నామం. ఏ మహానుభావులు కట్టుకున్న ఇల్లో!"

"పాత అలారం సెన్సర్ అయ్యుంటుందమ్మా" అన్నాడు మా ఆయన నురగలోంచి. ఆయనకి కంప్యూటర్లు తప్ప దేవుళ్ళు అంత త్వరగా కనబడరు.

"సెన్సర్‌కి నామం పెడతారట్రా?"

నిజం చెప్పొద్దూ, నాకూ నామంలాగే కనిపించింది. ఆ రోజు నుంచి పక్క గీతలకి బియ్యప్పిండి, నడిమి గీతకి కుంకుమ. ఒక్కటే ఆవిడకి నచ్చలేదు, నామం ఒరిగి ఉండడం. "వంకరగా బిగించారు, కాస్త సరిచెయ్యరా" అనేవారు. "వీకెండ్ చేస్తానమ్మా" అనేవాడు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. కానీ అత్తయ్య నడకలోనే ఏదో మారింది. "స్వామి నా చేత చేయించుకుంటున్నాడు" అని ఫోన్‌లో తోటికోడలికి గట్టిగా చెప్పారు. అవతలినుంచి ఏం జవాబొచ్చిందో తెలియదు, ఈవిడ మాత్రం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఆ తర్వాత రెండో ఎండాకాలం అనుకుంటా, ఆదివారం మధ్యాహ్నం ముందు తలుపు బెల్లు మోగింది. చెప్పుల స్టాండు పక్కకి లాగి తలుపు తీసేసరికి ఎదురుగా ఒక పెద్దావిడ. వెండి జుట్టు, పొట్టి మనిషి, చేతిలో కార్ తాళాలు. తను ఈ ఇంట్లో పిల్లల్ని పెంచానని, మాకు అమ్మింది తామేనని చెప్పారు. అమ్మేటప్పుడు ఆవిడ భర్త ఆసుపత్రిలో ఉన్నారట, కాగితాల మీద సంతకాలన్నీ కొడుకే పెట్టాడట. లోపలికి రండి అన్నాను. నేను చూపించకుండానే వంటింటి వైపు నడిచారు. హాలు మలుపులో చూడకుండానే చెయ్యి చాచి లైటు వేశారు. మాకు ఆ స్విచ్ ఎక్కడుందో ఇప్పటికీ వెతుక్కోవాలి.

ఆవిడ వచ్చిన పని చిన్నది. తమ యూదుల ఇళ్ళలో ప్రతి గుమ్మానికీ పైన వాళ్ళ అక్షరం ఒకటి చెక్కిన చిన్న డబ్బీ బిగిస్తారట. లోపల దేవుడి వాక్యాలు చేత్తో రాసి చుట్టిన చుట్ట ఒకటి ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కొడుకు అన్ని గుమ్మాలవీ తీశాడు, గరాజ్ గుమ్మం సంగతి మరిచిపోయాడు. ఆ చుట్ట రాసింది ఆవిడ మామగారు. ఆయన వృత్తే అది. ఇప్పుడు భర్త లేరు, ఆవిడ పెద్దవాళ్ళుండే అపార్ట్‌మెంట్‌లో ఒక గదికి మారారు. ఆ ఒక్క గుమ్మానికి మామగారి అక్షరాలు కావాలి.

గరాజ్ తలుపు తీశాను. ఆవిడ అలవాటుగా చెయ్యెత్తారు, డబ్బీ ముట్టుకుని వేళ్ళు ముద్దు పెట్టుకోబోయినట్టు. చెయ్యి సగంలో ఆగిపోయింది. ఆదివారం కాబట్టి శుక్రవారం పసుపు ఇంకా పచ్చగా ఉంది, నడుమ ఎర్రటి కుంకుమ.

"ఇదేమిటి?" అన్నారు మెల్లగా.

ఇంగ్లిష్‌లో పసుపుకి మాట ఉంది గానీ, పసుపు పెట్టడానికి లేదు. తంటాలుపడి చెప్పాను. ఇంతలో అత్తయ్య వచ్చారు. "ఎవరు? ఏమంటోంది ఆ మామ్మగారు?"

చెప్పాను.

"ఊడదీసుకుపోతుందా? ఇల్లు అమ్మాక గడప కూడా అమ్మినట్టే కదా! స్వామిని ఎలా ఇస్తాం?"

"అది నామం కాదట అత్తయ్యా. అక్షరమట."

"అక్షరానికి ఎవరైనా మేకు కొడతారా?"

పెద్దావిడకి మాటలు అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. గోడకి ఆనుకుని ఓపిగ్గా చెప్పారు, నేను వాక్యం వాక్యం తెలుగు చేశాను. ఆ అక్షరం పేరు షిన్. దేవుడికి వాళ్ళకున్న పేర్లలో ఒకదానికి అది మొదటి అక్షరం. ఆ పేరు ఊరికే నోటితో అనరు, అక్షరం మాత్రం గుమ్మం మీద పెట్టుకుంటారు. తలుపులు కాచేవాడు అని కూడా దానికి అర్థం చెప్పుకుంటారు.

"అంటే ద్వారపాలకుడు" అన్నారు అత్తయ్య, కాస్త మెత్తబడి. "మరి వంకరగా ఎందుకు బిగించారో కనుక్కో."

కనుక్కున్నాను. పూర్వం నిలువుగా పెట్టాలని ఒక పండితుడు, అడ్డంగా పెట్టాలని ఇంకొక పండితుడు వాదించుకున్నారట. ఇద్దరి మాటా పోకుండా ఏటవాలుగా పెట్టడం అలవాటైందట. అత్తయ్య నవ్వేశారు. "అయితే మన లాంటి కొంపే. ఇచ్చెయ్యి, ఆవిడదే."

మా ఆయన చాకుతో రంగు చీల్చి, స్క్రూలు విప్పాడు. రెండేళ్ళుగా వీకెండ్ రాని మనిషికి పావుగంట పట్టలేదు. డబ్బీ వెనక వేలంత చుట్ట. దాని పైవైపు చిన్నగా మూడు అక్షరాలు, మొదటిది అదే షిన్. అది సగానికి సగం పచ్చగా ఉంది.

పెద్దావిడ చుట్టని విప్పలేదు. లోపలికి తడి వెళ్ళిందేమో అన్నారు. ఒక్క అక్షరం చెరిగినా, విరిగినా ఇక అది గుమ్మానికి పనికిరాదట. నిందగా అనలేదు, ఉన్నమాట చెప్పారు. నేను తెలుగులో చెప్పక తప్పలేదు.

అత్తయ్య ముఖం చూస్తే ఎందుకు చెప్పానా అనిపించింది. "నీళ్ళు ఎక్కువ కలిపాను కదా" అన్నారు. తన అరచేతులు చూసుకుంటూ, "ఏలూరులో వాళ్ళు ఊరికే దూరం పెట్టారా, ఈ చేతుల్ని" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ ఏలూరువాళ్ళ మీద. తర్వాతి శుక్రవారం అత్తయ్య గడప దగ్గరికి వెళ్ళలేదు. పసుపు గిన్నె బోర్లించి ఉంది.

చుట్టలు పరీక్షించే లేఖకుడు ఇక్కడికి అరగంట దూరంలో ఉంటాడు. పెద్దావిడ హైవే మీద డ్రైవ్ చెయ్యడం మానేశారు. నేను తీసుకెళ్తానన్నాను. డబ్బీని రుమాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను కంగారుగా ఉన్నానని కాబోలు, దారిపొడుగునా ఆ అక్షరం కబుర్లే చెప్పారు. వాళ్ళ భాషలో పన్నుకి షేన్ అంటారట. షిన్ ఆకారం మొదట పళ్ళవరస నుంచి వచ్చిందని కొందరు, కాదు, విల్లు నుంచి వచ్చిందని ఇంకొందరు. సముద్రం మీద వర్తకం చేసేవాళ్ళ నుంచి గ్రీకులు నేర్చుకుని దాన్ని పక్కకి తిప్పారు, అటూ ఇటూ తిరిగి చివరికి ఇంగ్లిష్ ఎస్ అయింది. మన లిపి పుట్టుకలో కూడా ఆ కుటుంబం చెయ్యి ఉందని అనేవాళ్ళున్నారని తర్వాతెప్పుడో చదివాను, లేదనేవాళ్ళూ ఉన్నారు. ఆ తగువు ఇంకా తెగలేదు.

అరబ్బీలో కూడా ఇదే అక్షరం ఉందని, మూడు పళ్ళు, పైన మూడు చుక్కలు అని ఆవిడ గాలిలో వేలితో రాసి చూపించారు. స్టీరింగ్ పట్టుకున్న నాకు చటుక్కున కర్నూలు కళ్ళముందుకొచ్చింది. మా వీధి చివర షాదీఖానా. బోర్డు మీద పైన తెలుగు, కింద ఉర్దూ. ఉర్దూ వరసకి కుడిచివర, మొట్టమొదట, ఆకుపచ్చ రంగులో మూడు పళ్ళు, మూడు చుక్కలు. ఎండాకాలం షర్బత్ బండి మీదా అవే. రోజూ స్కూల్‌కి ఆ బోర్డు కిందనుంచే వెళ్ళేదాన్ని. ఆ చుక్కల్ని పిట్టలనుకుని, ఇవాళ ఎగిరిపోయాయా లేదా అని తలెత్తి చూసుకునేదాన్ని. చదవడం రాకుండానే చిన్నప్పుడంతా ఆ అక్షరం నీడలో నడిచాను. దాని అక్క ఒకతి న్యూజెర్సీలో మా గరాజ్ తలుపు దగ్గర నాకోసం ఎదురుచూస్తుందని ఎవరనుకుంటారు? మా వీధి మీద అంత బెంగ అన్నేళ్ళలో ఎప్పుడూ కలగలేదు.

లేఖకుడు గడ్డమున్న నడివయసు మనిషి. పచ్చదనం చూసి బూజా అన్నాడు. కాదు, పసుపు అన్నాను. ఇన్నేళ్ళ వృత్తిలో పసుపు చూడలేదన్నాడు. చుట్టని మెల్లగా విప్పి, భూతద్దం కంటికి పెట్టుకుని వరస వరస చూడసాగాడు. తోలు మీద నల్లటి సిరా, కొన్ని అక్షరాలకి తలమీద సన్నటి కిరీటాలు. మన తలకట్టులాంటివి గానీ, ఒక్కోదానికి మూడేసి. పెద్దావిడ నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్నట్టు ఆవిడకి తెలియదనుకుంటాను.

"మొదటి మాటే" అన్నాడు అతను చివరికి.

మొదటి మాటకి అర్థం 'విను' అట. ఆ మాటకి మొదటి అక్షరం షిన్. దాని ఎడమ కొమ్మ పీట నుంచి విడిపోయి, సగం సిరా రాలిపోయింది. దిద్దడానికి కుదరదు. ఈ చుట్టలో అక్షరాలు వరసగా రాస్తేనే చెల్లుతాయి, వెనక్కొచ్చి ఒకదాన్ని పూడ్చకూడదు.

"నీళ్ళ వల్లనా?" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. తడి లోపలికి రానే లేదు, పసుపు పైవైపే ఆగిపోయింది. ఇది పాత పగులు. గరాజ్ చలికీ వేడికీ సిరా ఎప్పుడో రాలింది, మీరు ఆ ఇల్లు కొనకముందే, బహుశా చాలా ఏళ్ళ ముందే. మధ్యమధ్య పరీక్ష చేయించుకోవాలి కదా అన్నాడు. "మామగారు స్వయంగా రాసింది, ఎవరికి చూపిస్తామనుకున్నాం" అన్నారు పెద్దావిడ.

కార్లో కూర్చున్నాక ఆవిడ రుమాలు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, "మా ఆయన రోజూ ఆఫీస్‌కి వెళ్తూ దాన్ని ముట్టుకునేవాడు. పిల్లలు స్కూల్‌కి వెళ్తూ ముట్టుకునేవాళ్ళు. ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూడా ముట్టుకునే వెళ్ళాడు. అన్నాళ్ళూ అది విరిగే ఉందన్నమాట" అన్నారు. ఏడవలేదు. అలా అనడమే ఏడుపులా ఉంది.

నేను పార్కింగ్‌లోంచే ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఒక్క రింగుకే ఎత్తారు.

"మీ పసుపు వల్ల కాదు అత్తయ్యా. ఎప్పుడో విరిగిందట. మనం రాకముందే."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "ఆ మామ్మగారు పక్కనున్నారా? ఏమంటున్నారు?"

ఆవిడ అన్నది చెప్పాను. అత్తయ్య ఆలోచించుకుని, "ఇలా చెప్పమ్మా" అన్నారు. "నేను మొక్కింది నామం కాదు. వాళ్ళు మొక్కిన అక్షరం విరిగింది. అయినా వాళ్ళూ ఆ గుమ్మంలో పిల్లల్ని పెంచుకున్నారు, మనమూ చల్లగానే ఉన్నాం. అక్షరం విరిగితే విరిగింది, పెట్టిన చెయ్యి మంచిదేగా. అలా చెప్పు."

చెప్పాను. నా ఇంగ్లిష్‌లో ఎంత చేరిందో తెలియదు. పెద్దావిడ అద్దంలోంచి బయటికి చూస్తూ, పెట్టిన చెయ్యి అని తనలో తను అనుకున్నారు.

మా గడపకి శుక్రవారాల పసుపు తిరిగొచ్చింది, పెద్దావిడ తన గుమ్మానికి కొత్త చుట్ట రాయించుకున్నారు. పాతదాన్ని పారెయ్యకూడదు, వాళ్ళ ఆచారం ప్రకారం భూమిలో పెట్టాలి. "మనం నీళ్ళలో కలుపుతాం, వాళ్ళు మట్టిలో కలుపుతారు, అంతే కదా" అన్నారు అత్తయ్య. తోలు మీద రాసిందని చెప్తే ఒక్క నిమిషం తటపటాయించి, మునులు జింకతోలు మీదే కదా కూర్చున్నారని సర్దుకున్నారు. పెద్దావిడ మాత్రం దాన్ని అప్పుడే పంపలేదు. తన దగ్గరే ఉంచుకుని, తను పోయినప్పుడు తనతోపాటు పెట్టమని కొడుక్కి చెప్పారు.

ఆ తర్వాత ఆవిడ అప్పుడప్పుడు వచ్చేవారు, గరాజ్ తలుపు నుంచే. ఆవిడ మా ఇంట్లో కాఫీ ముట్టేవారు కాదు, వాళ్ళ నియమం. ఆవిడ గదికి వెళ్తే అత్తయ్య మంచినీళ్ళు ముట్టేవారు కాదు, ఈవిడ మడి. దాంతో ఒకరి మీద ఒకరికి గౌరవం మరీ పెరిగింది. ఒలవని అరటిపండు మాత్రం ఇద్దరికీ సమ్మతమే. వంటింటి బల్ల దగ్గర చెరో అరటిపండు ఒలుచుకుంటూ, ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లిష్‌లో, నా అవసరం లేకుండా గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఆ మధ్యాహ్నాలు మళ్ళీ రావు. ఇప్పటికీ అరటిపండు వాసనకి నాకు ఆ రెండు గొంతులు గుర్తొస్తాయి.

ఒక చలికాలం పెద్దావిడ పోయారు. అంత్యక్రియలకి నేను వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య రాలేకపోయారు. అక్కడ పెద్దావిడ కొడుకు గుడ్డ విప్పి, ఇదేనా అమ్మ చెప్పింది అని నాకు చూపించాడు. చుట్ట పైవైపు ఆ అక్షరం, దాని మీద పసుపు. తుడవొద్దని అమ్మ చెప్పిందన్నాడు. దాన్ని ఆవిడతోపాటు పెట్టారు. అందరం తలా కాస్త మట్టి వేశాం.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గరాజ్ తలుపు దగ్గర బకెట్ నీళ్ళతో నించుని ఉన్నారు. "కాళ్ళు కడుక్కుని తిన్నగా స్నానానికి పో, ఏదీ ముట్టుకోకు." కాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే అడిగారు.

"ఆ చుట్ట పెట్టారా?"

"పెట్టారండి."

"పసుపు పోయిందా?"

"లేదండి. అలాగే ఉంది."

అత్తయ్య చెంబు కింద పెట్టారు. "పసుపుతో వెళ్ళిందన్నమాట" అన్నారు. "అదృష్టవంతురాలు."

స్నానం చేసి కిందికి వచ్చేసరికి ఆవిడ తలుపు దగ్గర పసుపు గిన్నెతో ఉన్నారు. డబ్బీ లేని ఆ వంకర మచ్చ మీద పసుపు రాసి, కుంకుమతో నిలువుగా మూడు గీతలు గీస్తున్నారు.

"ఇవాళ శుక్రవారం కాదు కదా అత్తయ్యా?"

"తెలుసులే" అన్నారు.

సాయంత్రం అందరికీ అన్నం ఆవిడే వడ్డించారు. పప్పు వేస్తుంటే చేతుల వైపు చూశాను. వేళ్ళకీ, గోళ్ళ సందుల్లోనూ పసుపు అలాగే ఉంది. ఆ రోజు ఆవిడ చేతులు కడుక్కోలేదు.